గల్ఫ్ మెడికల్ చెప్పేదాకా ఎవరికీ పట్టని జబ్బు

మా జగిత్యాల వైపు పల్లెల్లో హెపటైటిస్-బి ఉన్నవాళ్లను కనిపెడుతున్నది వైద్య ఆరోగ్యశాఖ కాదు, గల్ఫ్ మెడికల్. దుబాయికో సౌదీకో పోదామని అప్పు చేసి, ఏజెంటుకు అడ్వాన్సు కట్టి, హైదరాబాద్‌లో మెడికల్‌కు పోయిన పిల్లగాడి చేతికి ‘అన్‌ఫిట్’ అని కాగితం వస్తుంది. ఎందుకంటే హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్ అంటారు. అంతటితో వాళ్ల పని అయిపోతుంది. ఆ జబ్బేమిటో, ఎక్కడ చూపించుకోవాలో, ఇంట్లోవాళ్లకు పరీక్ష చేయించాలో వద్దో చెప్పే దిక్కుండదు.

అలాంటివాళ్లలో చాలామంది ‘ఇంకోసారి చూద్దాం’ అని మా ల్యాబుకు వస్తారు. సీరం చుక్కలు కార్డు మీద వేసి పావుగంట ఆగాలి. ఒకటి కంట్రోల్ గీత, రెండోది టెస్టు గీత. ఆ పావుగంట కుర్చీలో కూర్చునేవాళ్లు తక్కువ. కౌంటర్ మీదికి వంగి కార్డునే చూస్తుంటారు. మొన్న ఒకతను, “అక్కా, రెండో గీత సన్నగ ఉంది గదా, ఇది గూడ లెక్కకొస్తదా?” అని అడిగాడు. వస్తుంది. ఎంత పల్చగా ఉన్నా పాజిటివే. “మరి పసరు తాగితే పోతదా?” అన్నాడు వెంటనే. కలుషితమైన నీళ్లతో వచ్చే కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి. ఆ పేరు పసరుకు దక్కింది. బి వైరస్‌ను ఏ పసరూ ఏమీ చేయలేదు.

“మీ ఇంటామెను, పిల్లలను గూడ తీస్కరా” అన్నానో, మొహం మారిపోతుంది. “ఇంట్ల ఎరుకైతే...” అని మాట మింగేస్తాడు. కంచం వేరు చేస్తారని, చెల్లె పెళ్లి ఆగుతుందని భయం. ఒక కంచంలో తిన్నా, పక్కన పడుకున్నా ఇది అంటదు. అంటేది రక్తంతో, లైంగిక సంబంధంతో, కాన్పులో తల్లి నుంచి బిడ్డకు. ఒకరికి వాడిన సూదో బ్లేడో ఇంకొకరికి వాడితే కూడా వస్తుంది. ఆ సూదుల పాపానికే 2009లో గుజరాత్‌లోని మోడాసాలో ఎంతోమంది ప్రాణాలు పోయాయి. జ్వరమొస్తే సూది వేస్తే తప్ప వైద్యమనుకోని మన ఊళ్లలో ఆర్ఎంపీ దగ్గర కొత్త సిరంజి అడగడానికి ఇప్పటికీ మొహమాటమే.

‘ఎక్కడెక్కడ తిరిగినవ్’ అని పాజిటివ్ వచ్చినవాణ్ని నిలదీసే పెద్దమనుషులకు ఒక లెక్క చెప్పాలి. పుట్టగానే వైరస్ సోకితే పదిమందిలో తొమ్మిదిమందికి అది ఒంట్లో ఉండిపోతుంది. పెద్దయ్యాక సోకితే నూటికి అయిదుగురికి కూడా మిగలదు. అంటే ఇవాళ అన్‌ఫిట్ అయిన పాతికేళ్లవాడికి చాలావరకు ఊహ తెలియకముందే వచ్చి ఉంటుంది.

అప్పుడు టీకా లేదా అంటే, ఉంది. అదీ మన హైదరాబాద్‌లోనే. వరప్రసాద్‌రెడ్డి నెలకొల్పిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో దేశంలోనే తయారైన తొలి రీకాంబినెంట్ హెపటైటిస్-బి టీకాను తెచ్చింది, దిగుమతి టీకా ధరను నేలకు దించింది. అయినా జాతీయ టీకా కార్యక్రమం కింద అది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటికీ చేరడానికి 2007-08 దాకా పట్టింది, దేశమంతటికీ 2011 దాకా. ఇంటి ముందర తయారైన మందు ఊళ్లోకి రావడానికి పదేళ్లు! ఆ పదేళ్లలో పుట్టినవాళ్లే ఇప్పుడు పాస్‌పోర్టు పట్టుకుని తిరుగుతున్నారు.

ఇప్పుడైనా పుట్టిన 24 గంటల్లో వేయాల్సిన డోసు అంతటా సమయానికి పడదు. అర్ధరాత్రి కాన్పైతే ఒక్క బిడ్డ కోసం పది డోసుల సీసా విప్పాలా అని సిబ్బంది వెనకాడతారు. విప్పిన సీసాను చల్లగా దాచి నాలుగు వారాల దాకా వాడుకోవచ్చని నిబంధనే ఉంది. తెల్లారి వేస్తాంలే అంటే, తెల్లారేసరికి తల్లి డిశ్చార్జి అయిపోతుంది.

దేశంలో 2022 నాటికి దాదాపు 2.98 కోట్లమందికి ఈ జబ్బు ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ప్రపంచం మొత్తం మీద ఉన్నవాళ్లలో ఆ సంగతి తెలిసినవాళ్లు నూటికి 13 మంది, మందు వాడుతున్నవాళ్లు ముగ్గురు. మందు దొరకదా అంటే, 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఉచితం. పాజిటివ్ వచ్చిన అందరికీ మందు అవసరం లేదు కూడా. కాలేయ పరీక్ష, వైరల్ లోడ్, స్కానింగ్ చూసి డాక్టరు తేలుస్తారు. అవసరమైతే రోజుకో టెనోఫోవిర్ మాత్ర, ఏళ్ల తరబడి. లేకపోయినా ఆర్నెల్లకోసారి చూపించుకోవాలి, ఎందుకంటే కాలేయం గట్టిపడేదాకా, క్యాన్సర్ వచ్చేదాకా ఈ జబ్బు నొప్పి అనిపించదు. నొప్పి లేనివాడు కూలి పోగొట్టుకుని, బస్సు చార్జీ పెట్టుకుని పెద్దాస్పత్రికి ఎందుకు పోతాడు?

టీబీ వచ్చినవాడి గడపకు ఆశా కార్యకర్త వెళ్తుంది, మాత్ర వేసుకున్నావా అని అడుగుతుంది, పోషణకు డబ్బు ఖాతాలో పడుతుంది. బి వైరస్ ఉన్నవాడిని అడిగే మనిషి లేడు. ఇలాంటి ఏర్పాటే దీనికీ కావాలంటాను. పేరు బయటపడకుండా ఏఎన్‌ఎం దగ్గర జాబితా, ఇంటిల్లిపాదికీ ఊళ్లోనే పరీక్ష, నెగెటివ్ వచ్చినవాళ్లకు టీకా. గర్భిణుల్లో పాజిటివ్ వచ్చినవాళ్లను కాన్పుకు ముందే డాక్టరు ముందుకు చేర్చడం అన్నిటికన్నా ముందు జరగాలి.

వైరల్ లోడ్ పరీక్షకు కూడా మనిషి జిల్లాలు దాటనక్కర్లేదు. తెలంగాణ డయాగ్నస్టిక్స్ కింద పీహెచ్‌సీల నుంచి జిల్లా కేంద్రానికి రక్తం శాంపిళ్లు బండి మీద వెళ్తూనే ఉన్నాయి. ఆ పెట్టెలోనే ఇంకో ట్యూబు పెడితే, అక్కడి నుంచి వైరల్ లోడ్ చేసే ల్యాబు దాకా మిగతా దూరం ట్యూబే పోతుంది. ప్లాస్మా వేరుచేసి చల్లగా పంపడం మాలాంటివాళ్లకు రోజూ ఉండే పనే.