కొత్త ల్యాప్‌టాప్‌లో పాత విండోస్ వేస్తే...

ల్యాప్‌టాప్ కొని నాలుగు రోజులు కాకముందే కొందరు బీటెక్ విద్యార్థులు అడిగే మాట: ‘విండోస్ 11 నచ్చలేదు, 10 వేసుకోవచ్చా?’ మెనూలు అలవాటు కాకపోవడం ఒక కారణం. కాలేజీ ల్యాబ్‌లో ఇంకా పాతదే నడుస్తుండటం ఇంకోటి. చాలా మోడళ్లలో వేసుకోవచ్చు కూడా. వేశాక ఎన్నాళ్లు పనికొస్తుందన్నదే ప్రశ్న.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విడిగా నమోదు చేసుకున్న వ్యక్తిగత వినియోగదారులకు 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు ఇస్తామని ప్రకటించింది. గడువు దాటితే ల్యాప్‌టాప్ ఆగిపోదు. కానీ కొత్తగా బయటపడే లోపాలకు మరమ్మతు రాదు. ఫీజు కట్టేది, సర్టిఫికెట్లు దాచుకునేది, ప్లేస్‌మెంట్ పరీక్ష రాసేది దాని మీదే కదా! నాలుగేళ్ల కోర్సుకని కొన్నదానిలో ఇంత తక్కువ ఆయుష్షున్న సిస్టమ్ వేయడం నష్టం బేరమే.

పైగా చిప్ కూడా ఒప్పుకోవాలి. విండోస్ 7కి 2020 జనవరి 14 దాకా సపోర్టు ఉంది. అయినా ఇంటెల్ ఏడో తరం, ఏఎండీ రైజెన్ ప్రాసెసర్ల మీద దాన్ని నడుపుతున్నవాళ్లకు 2017లోనే అప్‌డేట్లు ఆపేశారు. కొత్త చిప్‌లకు కొత్త విండోసే అని కంపెనీ 2016 జనవరిలో చెప్పేసింది మరి. ఇందులో వ్యాపార లెక్క లేదని అనలేం. డబ్బు పెట్టి కొన్నవాడికి ఎంచుకునే వీలు తగ్గిన మాటా నిజమే.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మరో చిక్కు. ఇంటెల్ 11వ తరం, ఆపై చిప్‌లున్న చాలా ల్యాప్‌టాప్‌లలో విండోస్ 10 ఇన్‌స్టాలర్‌కు ఎస్‌ఎస్‌డీయే కనిపించదు. పాడైందేమోనని కంగారుపడతారు. నిజానికి లేనిది స్టోరేజ్ డ్రైవర్. ముందే పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోవాలి. తర్వాత వైఫై పనిచేయకపోవచ్చు. దాని డ్రైవర్ డౌన్‌లోడ్ చేద్దామంటే నెట్ ఉండదు!

ఇంత తంటా టర్బో సీ కోసమైతే అసలు అక్కర్లేదు. అది డాస్ కాలం నాటి 16 బిట్ ప్రోగ్రామ్. 64 బిట్ విండోస్ 10లోనూ నేరుగా నడవదు. డాస్‌బాక్స్ వేసుకుంటే విండోస్ 11లో హాయిగా నడుస్తుంది. ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌కు నిజంగానే పాత విండోస్ కావాలంటే వర్చువల్ మెషీన్ మేలు. వర్చువల్‌బాక్స్ ఉచితం. ఉన్న సిస్టమ్ కదలదు, దానిలోనే ఒక కిటికీలో పాతది తెరుచుకుంటుంది. 16 జీబీ ర్యామ్ ఉంటే ఇబ్బంది ఉండదు, 8 జీబీ అయితే కాస్త ఇరుకే. లోపలి విండోస్‌కు వేరే లైసెన్స్ కావాలి. దానికి నెట్ కనెక్షన్ ఇవ్వకపోతే ఇంకా మంచిది. క్లౌడ్ ఉద్యోగాల వైపు వెళ్లాలనుకునేవారికి ఈ అలవాటు ఎలాగూ పనికొస్తుంది.

అయినా పాతదే వేస్తానంటారా? మీది ఏ ఎడిషనో చూసుకోండి. కొత్త ల్యాప్‌టాప్‌తో వచ్చిన విండోస్ 11 ప్రో లైసెన్స్‌తో 10 ప్రోకి దిగే హక్కు ఉంది, హోమ్‌కు లేదు. మన దగ్గర విద్యార్థులు కొనేవాటిలో ఎక్కువగా కనిపించేది హోమే. బయోస్‌లో చెయ్యి పెట్టేముందు ఫైళ్లు వేరేచోట కాపీ చేసుకోండి, మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్లి బిట్‌లాకర్ రికవరీ కీ రాసి పెట్టుకోండి. కొత్త ల్యాప్‌టాప్‌లు చాలావరకు డిస్క్‌ను వాటంతటవే ఎన్‌క్రిప్ట్ చేసేస్తున్నాయి. ఆ 48 అంకెలు లేకపోతే ప్రాజెక్టు ఫైళ్లు తిరిగి రావు.