కంటి డాక్టరుకి ముట్ల సంగతి ఎందుకు చెప్పాలంటే...

చత్వారం అనే మాటలోనే నలభై ఉంది. సంస్కృతంలో చత్వారింశత్ అంటే నలభై. ఆ వయసు దాటాక దగ్గరి చూపు మందగిస్తుందని మన పెద్దవాళ్లు దానికి ఏకంగా వయసు పేరే పెట్టేశారు. సూదిలో దారం ఎక్కకపోయినా, మందు సీసా మీద తేదీ కనిపించకపోయినా "చత్వారం వచ్చిందిలే" అనుకుని కళ్లజోడు పెట్టుకుంటాం. ఇందులో ఆడా మగా తేడా లేదు.

కానీ ఆడవాళ్లకి ఆ వయసులోనే ఇంకో మార్పు కూడా వస్తుంది. దానికీ తెలుగులో ముట్లుడగడం అని చక్కటి మాటే ఉంది. ఆ మాట మాత్రం మన నోట రాదు. మెనోపాజ్ అని ఇంగ్లీషులో అన్నా గొంతు తగ్గించే అంటాం. ఒంట్లోంచి వేడి ఆవిర్లు రావడం, నిద్ర పట్టకపోవడం, చిరాకు, ఇవన్నీ దానివల్లేనని ఇప్పుడిప్పుడే ఒప్పుకుంటున్నాం. కళ్ల సంగతి మాత్రం ఎవరికీ తట్టదు. "కళ్లకీ నెలసరికీ సంబంధమేంటి?" అంటారు. ఉంది. అందుకే నేననేది ఒక్కటే. నలభై దాటిన ఆడమనిషి కంటి డాక్టరు దగ్గరికి వెళ్తే, అడిగినా అడక్కపోయినా, తన ముట్ల సంగతి చెప్పి తీరాలి.

మన కంటి మీద ఎప్పుడూ ఒక పల్చటి కన్నీటి పొర ఉంటుంది. అది ఉత్త నీళ్లు కాదు. పైన సన్నటి నూనె పొర కూడా ఉంటుంది. పులుసు మీద తేలే నూనెలాగా అది నీటిని కప్పి ఉంచి, ఆవిరైపోకుండా కాపాడుతుంది. ఆ నూనెనిచ్చే చిన్న చిన్న గ్రంథులు కనురెప్పల అంచుల్లో ఉంటాయి. అవి సరిగ్గా పనిచేయడానికి హార్మోన్ల అండ కావాలి. ముట్లుడిగే రోజుల్లో ఆ హార్మోన్లు మారిపోతాయి, నూనె తగ్గుతుంది, కన్ను తొందరగా ఆరిపోతుంది. ఇసుక పడ్డట్టు గరగరలాడటం, మంట, సాయంత్రానికి రెప్పలు బరువెక్కడం, చూపు మసకబారి రెప్ప ఆర్పితే మళ్లీ తేటపడటం, ఇవన్నీ ఆ పొడిదనం లక్షణాలే.

అందరం తికమకపడేది ఇంకొకటుంది. కన్ను పొడిబారితే నీళ్లు కారతాయి! ఆరిపోయిన కన్ను మంటకి తట్టుకోలేక ఒక్కసారిగా నీళ్లు వదులుతుంది. ఆ నీళ్లలో నూనె సరిపడా ఉండదు కాబట్టి అవి నిలవవు, చెంపల మీదికి జారిపోతాయి. చూసేవాళ్లు "కళ్లలో అన్ని నీళ్లుంటే పొడి అంటావేంటి?" అంటారు.

మా వదినకి యాభై ఒకటి. ఒకే ఏడాదిలో రెండుసార్లు కళ్లజోడు మార్చింది. మసక పోలేదు, మంట పోలేదు. మూడోసారి వేరే ఆసుపత్రికి వెళ్తుంటే తోడుగా నేను కూడా వెళ్లాను. అక్కడి డాక్టరమ్మ చిన్నపిల్ల. కళ్లు పరీక్ష చేస్తూ, "పీరియడ్స్ ఆగిపోయాయా అమ్మా?" అని అడిగింది. పక్కన ఇరవై ఆరేళ్ల కొడుకు నిలబడి ఉన్నాడు. వదిన తల దించుకుని "వస్తున్నాయమ్మా" అంది. అవి ఆగి రెండేళ్లయింది. ఆ సంగతి నాకు తెలుసు కాబట్టి నేనే చెప్పేశాను. దాంతో డాక్టరమ్మ ప్రశ్నలు మారాయి. నోరు ఎండుతోందా, కీళ్లు నొప్పులున్నాయా, జలుబుకీ దురదకీ ఏమైనా మాత్రలు వేసుకుంటున్నావా అని ఒక్కొక్కటీ అడిగింది. ఈసారి అద్దాలు మార్చలేదు. చుక్కల మందు రాసి, గోరువెచ్చని గుడ్డతో రెప్పలకి కాపడం పెట్టుకోమంది. నెల తిరిగేసరికి మంట చాలావరకు తగ్గింది. వదిన మాత్రం నాతో రెండు రోజులు మాట్లాడలేదు. "వాడి ముందు నా పరువు తీశావు" అంది. ముట్లు ఆగడంలో పోయే పరువేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

మన రెండు రాష్ట్రాల్లో ఈ సంగతి చెప్పడం మరీ అవసరం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది, తెలంగాణలో దాదాపు ఎనిమిది మంది. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే, ఏళ్ల తరబడి మెల్లగా రావలసిన మార్పు రాత్రికి రాత్రే వచ్చిపడుతుంది. ముప్పై ఎనిమిదేళ్ల మనిషిని చూసి కంటి డాక్టరు ఆ సంగతి ఎలా ఊహిస్తారు? మనమే చెప్పాలి.

అయితే దీనికి రెండో వైపు కూడా ఉంది. అన్నిటినీ "ఆ వయసు అంతేలే" అని తోసేయడమూ ప్రమాదమే. గ్లకోమా, అదే మనవాళ్లు నీటికాసులనేది, చాలామందిలో నొప్పీ మంటా లేకుండానే చూపు తినేస్తుంది. ఒకసారి పోయిన చూపు తిరిగి రాదు. నలభై అయిదు లోపే ముట్లుడిగినవాళ్లలో ఆ జబ్బు ఎక్కువగా కనిపించిందని నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో చేసిన అధ్యయనం ఒకటి చెప్పింది. షుగర్ ఉంటే ఆ ముప్పు వేరే. అందుకని ఏడాదికోసారి కళ్లు చూపించుకుంటే, కంటిలో ఒత్తిడి, లోపలి నరం కూడా చూడమని అడగండి. ఉన్నట్టుండి చూపు తగ్గినా, మెరుపులు మెరిసినట్టున్నా, తెర దించినట్టున్నా, తలనొప్పీ వాంతులతో దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపించినా తెల్లారేదాకా ఆగకూడదు.

హార్మోన్లు తగ్గితేనే కదా ఈ బాధ, ఆ మాత్రలే వేసుకుంటే పోలేదా అనిపించవచ్చు. 2001లో అమెరికాలో పాతిక వేల మందికి పైగా ఆడవాళ్ల మీద వచ్చిన అధ్యయనంలో, ఈస్ట్రోజెన్ వాడుతున్నవాళ్లలోనే కళ్లు పొడిబారడం ఎక్కువగా కనిపించింది. ఆ మాత్రలకి వేరే అవసరాలుండవచ్చు, అది గైనకాలజిస్టు చూసుకుంటారు. అవి వాడుతున్నారని కంటి డాక్టరుకి కూడా తెలియాలి. మందుల షాపులో అడిగి తెచ్చుకునే చుక్కలతో కూడా జాగ్రత్త. వాటిలో స్టెరాయిడ్ ఉంటే మంట ఆ పూటకి తగ్గినా, అదే పనిగా వాడితే కంటిలో ఒత్తిడి పెరగవచ్చు, శుక్లాలు రావచ్చు.

పిల్లల కళ్లకి పవర్ వస్తే వారం తిరక్కుండా అద్దాలు చేయిస్తాం. అత్తగారి శుక్లాల ఆపరేషనుకి సెలవు పెట్టించి మరీ అందరినీ పోగుచేస్తాం. మన కళ్ల వంతు వచ్చేసరికి పోపు ఘాటనీ, ఫోను ఎక్కువ చూశామనీ సర్దుకుంటాం. ఈసారి వెళ్లినప్పుడు ఒక్క వాక్యం చెప్పండి: "డాక్టరుగారూ, నాకు నలభై ఎనిమిది, ముట్లు ఆగి ఏడాదిన్నర అయింది, ఈ మందులు వాడుతున్నాను." పక్కన కొడుకు ఉంటే ఉండనివ్వండి. రేపు వాడికీ ఓ ఇల్లాలు వస్తుంది, విని ఉండటం మంచిదే.