దసరాకు వచ్చే దూరదేశపు చుట్టాలు

పిల్లలూ! దసరా సెలవులకు మీ ఇంటికి చుట్టాలు వస్తారు కదూ? ఇంచుమించు ఆ రోజుల్లోనే వేల మైళ్ళ అవతల నుంచి మరికొందరు చుట్టాలు మన ఊళ్ళకు దిగుతారు. వాళ్ళకు రైలు అక్కరలేదు, రెక్కలే ఆధారం!

మొయినాబాదు నుంచి చేవెళ్ళకు పోయే దారిలో కనకమామిడి అనే ఊరుంది. ఆ దారి పక్కన ఊడలు దిగిన పెద్ద పెద్ద మర్రిచెట్లున్నాయి. మర్రి పండినప్పుడు కింద నిలబడి చూడండి. ఒళ్ళు గులాబిరంగు, తలా రెక్కలూ తోకా నలుపు అయిన పిట్టలు కనిపిస్తే, అవి మధ్య ఆసియా నుంచి వచ్చిన గులాబి గోరువంకలు. ఆ ఏడు పుట్టిన పిల్లలు మాత్రం మట్టిరంగులో ఉంటాయి.

ఇంతదూరం ఎందుకు వస్తాయి? చలికి భయపడి అనుకుంటారు చాలామంది. చలికన్నా ఆకలే పెద్ద కారణం. శీతకాలంలో అక్కడ మిడతలు, పురుగులు దొరకవు. ఇక్కడ పళ్ళూ పురుగులూ గింజలూ ఉంటాయి. జొన్నచేలో పడితే రైతు వడిసెల తిప్పక తప్పదు. కాని మిడతల్ని తిని మేలు చేసేవీ ఇవే!

పిట్టల్ని గుర్తుపట్టడం నేర్చుకోవాలంటే ముందు తెలిసిన మూడింటిని కొలబద్దగా పెట్టుకోండి: పిచ్చుక, గోరువంక, కాకి. కొత్త పిట్ట వీటిలో దేనంత ఉంది? ముక్కు ఎలాంటిది? తోక ఆడిస్తుందా? ఉదాహరణకు, చెరువుగట్టున తోక ఆడిస్తూ పరుగెత్తే పిట్టల్లో ముఖం తెల్లగా, వీపు బూడిదరంగుగా ఉన్నది వలస పిట్ట. తల నల్లగా ఉండి, కంటిపై తెల్లని కనుబొమ ఉన్నది ఏడాదంతా ఇక్కడుండేదే.

పొద్దున్నే వెళ్ళండి. సూర్యుడు మీ వీపువైపు ఉండాలి. కదలకుండా నిలబడండి. రాయి విసరకండి. రోడ్డుకు దూరంగా, పెద్దవాళ్ళతో ఉండండి. చూసినది అక్కడికక్కడే తేదీ, చోటు, లెక్కతో సహా పుస్తకంలో రాయండి.

రాసినందువల్ల ఏం లాభమంటారా? 1931-32లో సలీం అలీ హైదరాబాదు రాజ్యమంతా తిరిగి పిట్టల వివరాలు రాసిపెట్టారు. అందువల్లనే ఆనాడు ఏవి ఉండేవో ఈనాడు మనకు తెలుస్తున్నది. రోడ్డు వెడల్పు చేయడానికి ఈ మర్రిచెట్లను తీసివేయాలన్న మాట వచ్చినప్పుడు, వాటిని కాపాడాలని కోరుతూ కొందరు జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్ళారు. ఒక్కొక్క చెట్టును నమ్ముకుని ఎన్ని ప్రాణులున్నాయో చెప్పడానికి ఇలాంటి లెక్కలే కావాలి.

ఈ నెల మీ పని ఇది: మీ ఊళ్ళో ఒక మర్రినో రావినో ఎంచుకోండి. వారానికొకసారి పావుగంట చూసి, వచ్చిన పిట్టలన్నీ రాయండి. మార్చి, ఏప్రిల్ నెలల్లో చుట్టాలు తిరుగు ప్రయాణం కట్టేదాకా మానకండి!