రంగీన్ మహల్‌కు రంగు చాలదు

వేసవి వచ్చిందంటే బెంగుళూరు వైపు నుంచి, తిరుపతి వైపు నుంచి కార్లు వరుసగా హార్స్లీ హిల్స్ ఎక్కుతాయి. కడప కలెక్టరుగా ఉండిన హార్స్లీ దొర 1863 ప్రాంతంలో అక్కడ వేసవి బంగళా కట్టించుకున్నాడు. ఏనుగు మల్లమ్మ కొండకు ఆయన పేరే స్థిరపడిపోయింది. కొండ దిగిన వారిలో కొందరు మదనపల్లెలో ఆగి, 1919లో రవీంద్రనాథ టాగూరు జనగణమనను ఆంగ్లంలోకి తెచ్చిన థియొసాఫికల్ కళాశాలను చూసి వెళతారు. అక్కడి నుంచి రాయచోటి దారి పడితే గుర్రంకొండ వస్తుందని, ఆ కొండ కింద రంగీన్ మహల్ ఉందని వారికి చెప్పేవారు లేరు. ఒక దొర చల్లగాలికి కట్టుకున్న ఇంటికి దక్కిన ఆదరణ, నాలుగు రాజ్యాల చరిత్ర చూసిన కోటకు దక్కలేదు.

మహల్‌ను బాగుచేసి యాత్రికులను రప్పించాలనే మాట మేము చాలా కాలంగా వింటున్నాము. మంచి మాటే. అయితే బాగుచేయడమంటే ఏమిటి, వచ్చినవారికి ఏమి చెబుతాము అన్న రెండు ప్రశ్నలకు ముందుగా జవాబు కావాలి.

రెండవ ప్రశ్ననే ముందు తీసుకుంటాము. ఒకసారి మా విద్యార్థులను వెంటబెట్టుకుని గుర్రంకొండకు వెళ్ళాము. కోట గోడ దగ్గర ఒక పిల్లవాడు, "ఉస్తాద్, ఇది మనవాళ్ళ కోటేనా?" అని అడిగాడు. అవునని చెప్పి ముందుకు నడవడం సులభమే. కాని మేము ఆ పిల్లలను అక్కడే నీడలో కూర్చోబెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పాము. ఈ కోట నవాబుల కంటే పాతది. విజయనగరం రోజుల నుంచి పాళెగాళ్ళు, కడప నవాబులు, మరాఠాలు, మైసూరు వారు ఒకరి తర్వాత ఒకరు దీనిని ఏలారు. హైదర్ అలీ తన బావమరిది మీర్ రజా అలీ ఖాన్‌ను ఇక్కడ ఉంచాడు. టిప్పు సుల్తానుకు ఆయన స్వయానా మేనమామ. ఆయన మక్బరా గుర్రంకొండలోనే ఉంది. 1791లో ఈ కోటను ముట్టడించిందెవరు? నిజాం సైన్యం, ఈస్టిండియా కంపెనీ సైన్యం కలిసి ముట్టడించాయి. లోపల కాపు కాసింది టిప్పు మనుషులు. గోడకు అటూ ఇటూ నమాజు చదివేవారున్నారు, అటూ ఇటూ గుడికి వెళ్ళేవారూ ఉన్నారు. మరి ఇందులో మనవాళ్ళెవరు, పరాయివాళ్ళెవరు?

చెప్పడానికి ఇబ్బందిగా ఉండే సంగతి మరొకటి ఉంది. మీర్ రజా అలీ ఖాన్ కుమారుడు ఖమరుద్దీన్ ఖాన్ టిప్పు సేనానులలో ఒకడు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయి టిప్పు అమరుడైన తర్వాత, గెలిచినవారి చేతుల మీదుగా ఇదే గుర్రంకొండ జాగీరు అతనికి దక్కింది. మరుసటి ఏడు, 1800లో, నిజాం ఈ సీమనంతా కంపెనీకి ధారాదత్తం చేశాడు. రేపు మహల్ ముందు నిలబడి కథ చెప్పే గైడు ఈ సంగతి దాచకూడదు. కొండ మీద గుర్రం ఉన్నంత కాలం కోట శత్రువుకు చిక్కదన్న ఊరి కథను కూడా చెప్పవచ్చు, కాని కథను కథగా చెప్పాలి. పొగడ్తలు విన్న యాత్రికుడు ఒకసారి వచ్చి పోతాడు. నిజం విన్నవాడు మరో నలుగురిని తీసుకొస్తాడు.

ఇక మొదటి ప్రశ్న. రంగీన్ అంటే రంగులు గలది. ఆ పేరు చూసి కాంట్రాక్టరు నాలుగు డబ్బాల రంగు, పది బస్తాల సిమెంటు తెచ్చి దిగితే మహల్ పని అయిపోయినట్టే. ఈ మాట అనుభవంతో చెబుతున్నాము. మా ఊరి పాత మసీదు గోడకు సిమెంటు పూయించిన కమిటీలో మేము కూడా ఉన్నాము. అందరం మెచ్చుకున్నాము. నాలుగు వానలు పడ్డాక పూత ఉబ్బింది, తెల్లగా ఉప్పు పొంగింది, పెచ్చులతో పాటు లోపలి ఇటుక కూడా రాలింది. సున్నపు గోడ తేమను పీల్చుకుంటుంది, మళ్ళీ బయటికి వదులుతుంది. సిమెంటు పూత ఆ తేమను లోపలే బంధిస్తుంది. పాత మేస్త్రీలు సున్నాన్ని గానుగలో ఆడించి, బెల్లం నీళ్ళు, కరక్కాయ రసం కలిపి వాడింది ఊరికే కాదు. ఆ డంగు సున్నం పని తెలిసిన ముసలి మేస్త్రీలు మన పల్లెల్లో ఇంకా అక్కడక్కడ ఉన్నారు. వారు కన్నుమూయకముందే పది మంది కుర్రాళ్ళను వారి చేతి కింద పెట్టాలి.

ఇది కాని పని ఏమీ కాదు. హైదరాబాదులో కుతుబ్‌షాహీ సమాధుల పని 2013లో మొదలై పదేళ్ళకు పైగా సాగింది. ఆగాఖాన్ ట్రస్టు వారు వెనుకటి మరమ్మతుల్లో పూసిన సిమెంటును తీయించి మళ్ళీ సున్నంతోనే పని చేయించారు. 2013 వానలకు కూలిన బడీ బావలీని కూడా నిలబెట్టారు. గోల్కొండ మెట్ల బావులకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది. అదంతా రాజధాని వైభవం, మన చిన్న ఊరికి ఎక్కడ సాధ్యం అనేవారు దోమకొండను చూడాలి. కామారెడ్డి జిల్లాలో అదీ చిన్న ఊరే. అక్కడి కోటను వారసులు పూనుకుని బాగుచేయించుకున్నారు, అదే ఏడు దానికీ యునెస్కో గుర్తింపు వచ్చింది.

యాత్రికులు వస్తే ఆటపాటలు, తాగుడు వస్తాయని, మక్బరా పవిత్రత పోతుందని మన పెద్దలు కొందరు భయపడుతున్నారు. ఆ భయాన్ని మేము తేలికగా తీసుకోము. సమాధి మీద కూర్చోకూడదని మన ధర్మం చెబుతోంది. ఫోటోల కోసం దాని మీదికి ఎక్కడం ఏ మతం వారికీ తగదు. మహల్‌కు ఒక దారి, మక్బరాకు ఒక దారి వేరుగా పెట్టి, మక్బరా వద్ద చెప్పులు విడిచే చోటు, తెలుగులోనూ ఉర్దూలోనూ ఒక బోర్డు, ఒక కాపలాదారు ఉంటే చాలు. అసలు ఇప్పుడు ఎవరూ రాని పాత గోడల చాటున పేకాట ఆడేవారు, గోడల మీద పేర్లు చెక్కేవారు ఎవరు? వారు బెంగుళూరు నుంచి వచ్చినవారు కారు. పాడుబడిన కట్టడాల రాళ్ళు ఎవరి ఇళ్ళ పునాదుల్లోకి వెళతాయో కూడా ఊళ్ళలో అందరికీ తెలుసు.

బతుకుతెరువు మాట కూడా చెప్పాలి. ఈ ప్రాంతపు కుర్రాళ్ళు కువైటుకో, బెంగుళూరుకో పోతున్నారు. టమాటా ధర పడిపోతే రైతు పంటను రోడ్డు మీద పారబోస్తున్నాడు. ఒక మహల్ ఈ కష్టాలన్నీ తీరుస్తుందని మేము చెప్పము. పది మంది గైడులు, ఇరవై టీ అంగళ్ళు, ఆటోలు, నాలుగు భోజనశాలలు నడవవచ్చు. టిక్కెట్టు డబ్బులో కొంత ఊరికే చెందాలని పంచాయతీ ఇప్పుడే అడగాలి. గైడులను బయటి నుంచి తేకుండా, తెలుగు ఉర్దూ రెండూ వచ్చిన గుర్రంకొండ పిల్లలనే తీసుకోవాలని కూడా అడగాలి. ఆడపిల్లలను మరచిపోవద్దు. కుటుంబంతో వచ్చే స్త్రీలకు ఊరి ఆడపిల్ల కథ చెబితే వారు ఇంకో గంట ఉంటారు.

అన్నిటికంటే ముందు అక్కడ మంచినీళ్ళు, స్త్రీలకు శుభ్రమైన మరుగుదొడ్డి ఉండాలి. మేము పిల్లలతో వెళ్ళిన రోజు నీళ్ళ కోసం ఒక ఇంటి తలుపు తట్టాము. ఆ ఇంటి తల్లి పిల్లలందరికీ కుండ నీళ్ళు పోసి, మమ్మల్ని కూర్చోబెట్టి, "ఇంత దూరం మా కోట చూడటానికి వచ్చినారా సారూ?" అని ఆశ్చర్యపోయింది.