డిప్లొమాపై తెలుగుకూ చోటివ్వండి

కాలిఫోర్నియా పాఠశాల విద్యా సూపరింటెండెంట్ గారికి,

ఇంగ్లీషుతో పాటు మరో భాషలోనూ పట్టు సాధించిన హైస్కూలు విద్యార్థుల డిప్లొమాపై ప్రభుత్వ ముద్ర వేసే చట్టాన్ని అమెరికాలో తొలిసారి, 2011లో, చేసింది మీ రాష్ట్రమే. గొప్ప పని అది.

స్పానిష్, చైనీస్ నేర్చినవాళ్లకు ఆ ముద్రకు అర్హతనిచ్చే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్ష ఉంది, తెలుగుకు లేదు. ఫ్రీమాంట్‌లో వారాంతపు బడిలో గుణింతాలు, ఒత్తులు దిద్దుకుని, గుంటూరులోని అమ్మమ్మతో ఫోన్‌లో గలగలా మాట్లాడే పిల్ల ఆ ముద్ర కోసం వేరే దారి వెతుక్కోవాలి. ఆ దారి లేకపోలేదు: ‘స్టాంప్’ అనే భాషా ప్రావీణ్య పరీక్ష తెలుగులోనూ ఉంది. ఆ సంగతి ఇంటికి చేరవేయాల్సింది బడే.

కానీ ఈ ముద్ర పథకంలో చేరడం స్కూల్ డిస్ట్రిక్టుల ఇష్టానికే వదిలేశారు. అందుకే మీ చొరవ కావాలి.

తొమ్మిదో తరగతిలోనే తెలుగు పరీక్ష వివరాలు తల్లిదండ్రులకు అందేలా చూడండి. పరీక్ష ఫీజు కట్టలేని పిల్లల భారం డిస్ట్రిక్టులు మోసేలా ఒప్పించండి.