వలలో పడినదంతా గంపలో వేయము



"అయ్యగారూ, మా పిల్లవాడు ఫోను వదలడం లేదు, ప్రార్థన చేయండి" అని మన ఫిషింగ్ హార్బరు కుటుంబాలవారు మమ్మును తరచుగా అడుగుతున్నారు. ప్రార్థన తప్పక చేస్తాము. దానితోపాటు కొంచెము ఆలోచన కూడ చేద్దాము.

2020లో కరోనా వలన బడులు మూతపడినప్పుడు పాఠము ఫోనులోనికి వచ్చింది. 2022 డిసెంబరులోను, మరల 2023 డిసెంబరులోను ప్రభుత్వ పాఠశాలల ఎనిమిదవ తరగతి పిల్లలకు రాష్ట్ర ప్రభుత్వము ట్యాబులు పంచింది. గనుక "ముట్టుకోవద్దు" అన్న ఒక్క మాటతో ఇప్పుడు పని జరగదు.

మన ఇండ్ల పరిస్థితి కూడ వేరు. మరబోటు మీద వేటకు వెళ్లిన తండ్రి పది పదిహేను రోజులు రాడు. తల్లి తెల్లవారకముందే జెట్టీ మీద వేలంపాటకు వెళ్లాలి. ఆ సమయములో చంటిబిడ్డను ఏడవకుండా చూచేది ఫోనే. ఆ తల్లిని మేము నిందించము. అయితే ఏడాది బిడ్డకు తెర చూపవద్దనీ, రెండు నుండి నాలుగేండ్ల పిల్లలకు రోజుకు గంట మించరాదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన మాట ఆమెకు తెలియాలి. బిడ్డకు కావలసిన ఆటను, నిద్రను తెర తినివేస్తుంది.

యంత్రమంటే మన మత్స్యకారులకు భయము లేదు. బోటులో జీపీఎస్ ఉంది, వైర్‌లెస్ ఉంది. చేపలు దొరికే తావులను ఉపగ్రహాల సాయముతో గుర్తించి హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ తెలియజేస్తుంది. సరంగు ఆ తెర చూచి దారి తెలుసుకుంటాడు. కాని ఎక్కడికి పోవాలో, ఎప్పుడు తిరిగి రావాలో నిర్ణయించేది తానే. ఈ సంగతి పిల్లవానికి నేర్పడానికి అతని కంటె మంచి గురువు ఎవరు?

వల లాగినప్పుడు అన్నీ కలిసే వస్తాయి. చందువలు ఒక గంపలోనికి, కానాగంతలు మరొక గంపలోనికి, పనికిరానిది పక్కకు. మత్తయి సువార్త 13వ అధ్యాయములో ప్రభువు చెప్పిన వల ఉపమానము మనకు వివరించనక్కరలేదు. అంతర్జాలము అనే మాటలో జాలము, అనగా వల, ఉన్నది. అందులో పాఠము, పందెము, బూతుబొమ్మ, అబద్ధము కలిసే వస్తాయి. ఏరడము తెలియని పిల్లవాడు అన్నిటినీ గంపలో వేసుకుంటాడు.

2023 నవంబరు 19 రాత్రి మన హార్బరులో పదుల కొద్దీ బోట్లు కాలిపోయినప్పుడు ఏమి జరిగింది? వీడియోలు చేసే ఒక యువకుడే కారకుడని ఫోన్లన్నీ మోగిపోయాయి. కొద్ది రోజులకే పోలీసులు అతడు కాదని, వేరే ఇద్దరు పారవేసిన సిగరెట్టే కారణమని చెప్పారు. పెద్దలమే ఏరుకోలేకపోయాము. పిల్లలకు ఎవరు నేర్పాలి?

అందుకు మనకు తగిన కాలము ఒకటి ఉంది. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధము. బడికి వేసవి సెలవులు కూడ అప్పుడే. తండ్రి ఇంట ఉండే ఆ దినాలలో ఆయన ఒక మూల, కొడుకు ఒక మూల ఫోన్లు పట్టుకొని కూర్చుంటే ఎంత నష్టము!

భోజనము వేళ ఫోన్లన్నీ అలమరలో పెట్టండి, నాన్న ఫోను ముందుగా. రోజుకు అరగంట పిల్లల ప్రక్కన కూర్చుండి, "ఇది ఎవరు చెప్పారు? నిజమని ఎలా తెలుసు?" అని అడగండి. రాత్రి ఫోను తల్లి దగ్గర ఉండనివ్వండి. వల బాగుచేసే చోటికి పిల్లలను తీసుకొనిపోయి, చేతికి పని ఇవ్వండి.

ఇంట కూర్చున్నప్పుడు, త్రోవన నడిచేటప్పుడు, పండుకొనేటప్పుడు, లేచేటప్పుడు పిల్లలతో మాట్లాడమని ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయము తల్లిదండ్రులకు ఆజ్ఞాపిస్తుంది. ఆ నాలుగు వేళలనూ నేడు ఫోను తీసుకుంది. వాటిని తిరిగి తీసుకుందాము. జూన్ 15న తండ్రి మరల సముద్రము మీదికి వెళ్లినప్పుడు, ఆయన నేర్పిన మాట ఇంటిలో నిలిచి ఉండును గాక.