గేముల్ల లైంగిక దాడి కథలు: చూపియ్యాల్నా, చెప్పాల్నా?

మనోళ్లు చానామంది గేమ్ అంటే ఫ్రీ ఫైర్, బీజీఎంఐ అనే అనుకుంటరు. గన్ను పట్టుడు, ర్యాంకు కొట్టుడు. కానీ సినిమా లెక్క కథ చెప్పే గేములు వేరే ఉన్నయ్. కంప్యూటర్ లేకున్నా, ఎవరో ఆడుతుంటే యూట్యూబ్‌ల చూసేటోళ్లు మన ఊర్లల్ల గుడ తక్కువేం లేరు. గా కథల్ల అత్యాచారం ముచ్చట వస్తే ఎట్ల చెప్పాలన్నదే ఇప్పుడు లొల్లి.

2025 ఏప్రిల్‌ల ‘నో మెర్సీ’ అనే గేమ్ మీద బ్రిటన్, ఆస్ట్రేలియా, కెనడాల మస్తు వ్యతిరేకత వచ్చింది. ఆడోళ్ల మీద దాడి చేసుడే అందుల ఆట. స్టీమ్ స్టోర్ నుంచి తీసేసిన్రు. దాని గురించి వాదించుడు దండగ. అయితే జులైల ఇంకోటి జరిగింది. ఆస్ట్రేలియాల ‘కలెక్టివ్ షౌట్’ అనే సంస్థ కార్డు పేమెంట్ కంపెనీల మీద ఒత్తిడి తెచ్చింది. దాంతోని ‘ఇచ్.ఐఓ’ సైటోళ్లు పెద్దల ట్యాగ్ ఉన్న గేములన్నీ ఒక్కసారే సెర్చ్‌ల కనపడకుండ చేసిన్రు. ఏది గలీజుది, ఏది బాధ చెప్పుకునేది అని చూసే టైమే తీసుకోలే. గిది నాకు నచ్చలే.

ఎందుకంటే మంచిగ చెప్పినోళ్లు గుడ ఉన్నరు. 2015ల వచ్చిన ‘లైఫ్ ఈజ్ స్ట్రేంజ్’ల కేట్ అనే పిల్ల ఉంటది. పార్టీల మత్తుమందు ఇచ్చి, వీడియో తీసి కాలేజంతా తిప్పుతరు. ఆ వీడియోను గేమ్ మనకు చూపియ్యది. కేట్ బిల్డింగ్ మీదికెక్కుతది. హీరోయిన్ మ్యాక్స్‌కు టైమును ఎనక్కి తిప్పే శక్తి ఉంటది గానీ, సరిగ్గ ఆడనే అది పనిచెయ్యది. అంతకుముందు కేట్ ఫోన్ చేస్తే ఎత్తినమా? అద్దం మీద ఎవరో రాసిన వీడియో లింకును తుడిచినమా? ఆమె రూముల ఫొటోలు, ఉత్తరాలు చూసినమా? గవే అప్పుడు అక్కరకొస్తయ్. వాట్సాప్‌ల ఇట్లాంటి వీడియో ఫార్వర్డ్ అయితే నవ్వి ఊకున్నోనికి ఈ సీను ఆడుతుంటే చెయ్యి వణుకుతది.

2024ల వచ్చిన ‘మౌత్‌వాషింగ్’ ఇంకా కటువు. (ఆడనోళ్లుంటే ఈ పేరా దాటేయుండ్రి, కథ తెలిసిపోతది.) అంతరిక్ష ఓడల ఐదుగురు. నర్సు అన్యా మీద దాడి జరిగిందని మెల్లమెల్లగ అర్థమైతది, చూపియ్యరు. మందుల రూముకు తాళం ఉన్నది, పండుకునే రూములకు ఎందుకు లేదని ఆమె అడుగుతది. గంతే. కెప్టెన్‌కు చెప్పుకుంటది. ఆయన మంచోడే గానీ, దోస్తును కాపాడుకునుడే చూస్తడు. మనం ఎక్కువసేపు ఆడేది ఆ దాడి చేసినోని పాత్రనే! వాడు తనను తాను ఎట్ల సమర్థించుకుంటడో మన చేతులతోనే నడిపిస్తరు. సినిమాల ఇది కుదరది. ఆడ చూస్తం, ఈడ బటన్ నొక్కేది మనమే.

చెడగొట్టుడు ఎట్ల ఉంటదో గుడ చూసినం. 2012ల ‘టూంబ్ రైడర్’ నిర్మాత ఒకాయన, లారా మీద అత్యాచార యత్నం జరుగుతదని, దాంతోనే ఆమె గట్టిపడతదని అన్నట్టు మాట్లాడిండు. గొడవైంది. మా కథల అసొంటిది లేదని కంపెనీ సర్దుకున్నది. మన పాత సినిమాల్ల హీరో కత్తి పట్టాల్నంటే చెల్లె మీద దాడి జరగాలె. అదే బాపతు. ఆ చెల్లెకు తర్వాత ఏమైందో ఏ డైరెక్టరూ అడగడు.

ఇగ మన దేశంల సినిమాకు సెన్సార్ బోర్డు ఉన్నది, గేముకు అట్లాంటిది లేదు. 2025ల వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ముఖ్యంగ పైసల ఆటల గురించే. ప్లే స్టోర్‌ల కనపడే వయసు గుర్తు, గేమ్ చేసినోళ్లు నింపిన ప్రశ్నలపత్రం చూసి వేసేదే. ‘హాట్‌లైన్ మయామి 2’ లెక్క కొన్ని గేములు ముందుగాల్నే అడుగుతయ్, లైంగిక హింస సీన్లు దాటెయ్యాల్నా అని. పది సెకండ్ల పని. మనోళ్లు అది చదవకుండనే ఓకే కొడ్తరు.